ఓబయ్య కూతురి సిగ్నల్

మస్కట్ అవతల సూర్ అనే ఊళ్ళో, బిల్డింగ్ కట్టే సైట్‌లో ఓబయ్య కింద నిలబడి చేతులతో సిగ్నల్ ఇస్తాడు, పైన నేను క్రేన్ నడుపుతాను. పదో తరగతితోనే చదువు చాలించిన మేధావిని కదా, వాడి వేలు చూసి చంద్రుణ్ణయినా దించేస్తానని రూమ్‌లో తోటివాళ్ళ దగ్గర కోతలు కోస్తుంటాను. ఓబయ్య చాయ్ అడగాలన్నా నోరు తెరవడు, బొటనవేలు ఎత్తుతాడు. తను ఇక్కడుండగా కడపలో పుట్టిన కూతురికి వీడియో కాల్‌లో నేర్పిందీ ఆ సిగ్నల్సే. "దానికి మాటలొచ్చేలోగా నన్ను మర్చిపోతాదన్నా" అనేవాడు.

మొన్న వాడి భార్య రమణి బిడ్డతో మస్కట్‌లో విమానం దిగింది. ఎయిర్‌పోర్ట్‌కి వాడితో నేనూ వెళ్ళాను. ఓబయ్య చేతులు చాచి పరుగెత్తాడు. ఆమె చంకలోని పాప అరచెయ్యి అడ్డంగా చాపింది. ఆపు! ఓబయ్య ఉన్నచోటే బిగుసుకుపోయాడు. వెనక ట్రాలీలన్నీ నిలిచిపోయాయి.

"నాయనా అనేది నేర్పకుండా క్రేన్ పని నేర్పితివే!" అంది రమణి.

"ఎత్తుకోవయ్యా!" అన్నాను నేను.

"సైట్‌లో ఎవరు ఆపమన్నా ఆగాల్సిందే కదన్నా" అన్నాడు, కళ్ళనిండా నీళ్ళతో.

పాప వాణ్ణి కాసేపు చూసింది. చూపుడువేలు కిందికి పెట్టి తిప్పింది. దించు! ఓబయ్య మెల్లమెల్లగా వంగి నేలమీద కూర్చున్నాడు. రమణి వంగగానే పాప ఆమె చంకలోంచి జారి వాడి ఒళ్ళో చేరింది. పాప వాణ్ణి దించినంత మెత్తగా ఇన్నేళ్ళలో నేను ఏ బరువునూ దించలేదు. ఆ మాట మాత్రం రూమ్‌లో చెప్పను.