పాలకు రాసిన నూనె

మొన్న ఎదురింటి వదినె, బాలింతగా ఉన్న తన కోడలి కోసం మందుల షాపులో కొన్న నూనె సీసా తెచ్చి, ఇది రాస్తే పాలు పడతాయట, జర చూసి చెప్పమని నా చేతిలో పెట్టింది. మూత తీస్తే పిల్లిపీచర గడ్డల వాసన, అదే శతావరి. నాకు తెలియదని సీసా తిరిగి ఇచ్చేశాను. నారాయణపేటలో మా వీధిలో ఆ నూనె సంగతి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరని ఆమెకూ తెలుసు.

మా అత్తమ్మ ఆ గడ్డలను దంచి, రసం తీసి, నువ్వుల నూనెలో సన్నని మంట మీద కాచేది. మగ్గాల ఇండ్లలో ఏ బాలింతకు పాలు పడకపోయినా వీపుకూ రొమ్ములకూ రాసి మర్దన చేసేది. నా కాన్పులప్పుడు నాకూ చేసింది, మూడోనాటికల్లా రవికె తడిసింది. ఆమె పోయాక ఆ పని నా చేతికి వచ్చింది. పాలు పడితే నూనె వల్లే పడ్డాయనుకునేవాళ్లం. రాయకున్నా మూడోనాటికి వచ్చేవేనేమో అన్న అనుమానం నా ఈడు వాళ్లలో ఎవరికీ రాలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాదే నా కూతురికి తొలి కాన్పు. నెల తక్కువ ఆడపిల్ల, పిడికిలంత ముఖం, చప్పరించే బలం లేదు. ఇంటికి తెచ్చిన మర్నాడు చూడవచ్చిన నర్సమ్మ గట్టిగానే చెప్పింది.

"పిల్ల తాగుతలేదు. ఇయ్యాల్నే పాలమూరు దవాఖానకు తీస్కపోండ్రి."

"పాలు పడక తాగుతలేదు తల్లీ. రెండు రోజులు ఆగితే నూనె పని చేస్తది," అన్నది నేనే. అల్లుడు బండి మాట్లాడతానంటే వద్దన్నదీ నేనే.

రెండు రోజులూ పూటపూటకూ రాశాను. మూడోనాడు పొద్దున నా కూతురు సంతోషంగా కేకేసింది, పాలు కారుతున్నాయని. పరుగున పోయి పిల్లను తల్లి రొమ్ముకు పట్టాను. నోరు తెరవలేదు. ఒళ్లు చల్లగా ఉంది. పాలమూరు పోయే దారిలో, దేవరకద్ర దాటకముందే, నా ఒడిలోనే పోయింది.

పాలు మాత్రం ఆగలేదు. తడిసిన రవికెను ఒంటికి దూరంగా పట్టుకుని నా కూతురు అడిగింది: "అమ్మా, వచ్చేతందుకు నూనె రాసినవు. పోయేతందుకు ఏం రాస్తవే?"

మిగిలిన నూనె పెరట్లో పారబోశాను. ఆ తర్వాత ఏ బాలింత ఇంటికీ పోలేదు.

రెండో కాన్పుకు నా కూతురు నా దగ్గరికి రాలేదు; పాలమూరులోనే గది కిరాయికి తీసుకుని ఉండి కన్నది. మనవడిప్పుడు బడికి పోతున్నాడు. ఇప్పుడు పిల్లను ఎట్లా పట్టుకోవాలో, ఎట్లా తాగించాలో నర్సులే పక్కన కూర్చుని నేర్పుతున్నారు, పిల్ల నీరసపడితే ఎవరినీ అడక్కుండానే తల్లులు దవాఖానకు పోతున్నారు. మా వంటి వాళ్ల మాట వినేవాళ్లు తగ్గిపోయారు, తగ్గడమే మంచిదయింది.

నా కూతురు వచ్చినప్పుడల్లా నా మోకాళ్ల నొప్పి ఎట్లుందో అడుగుతుంది, మాత్రలు తెస్తుంది. ఇన్నేండ్లలో ఒక్కనాడూ నీ వల్లే అని అనలేదు. తప్పు నాదే బిడ్డా అని నేనూ అనలేకపోయాను. ఆమె అన్నా బాగుండు, కాళ్ల మీద పడి ఏడ్చేదాన్ని.