గుల్మొహర్ కట్టెకి నేను అగ్గిపుల్ల గీయలేదు

ఈ రోజు మా స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ సెక్టర్ 4లో మన తెలుగువాళ్ల అమ్మవారి పండగ. నైవేద్యం గ్యాస్ మీద వండకూడదు కాబట్టి కమిటీ పెద్దలు పక్కనున్న ఉతై ఊరి నుంచి ఆటోలో తుమ్మ కట్టెలు తెచ్చారు. వండేది మాత్రం ఆడవాళ్లం మేమే. ఒక పేడు చేతిలోకి తీసుకున్నాను. తుమ్మ చీలిస్తే లోపల ఎర్రగా ఉంటుంది, చేతికి బరువు తెలుస్తుంది. ఇది పాలిపోయి, తేలిగ్గా ఉంది. రోడ్డు పక్కన కొట్టేసిన గుల్మొహర్. మంట తక్కువ, పొగ ఎక్కువ.

కమిటీ పెద్ద సూర్యం మావయ్యకి చూపించాను.

"బబూల్, అదే తుమ్మ అనే ఇచ్చాడమ్మా ఆ కట్టెల భయ్యా. కట్టెల సంగతి నీకేటి తెలుస్తాది? మండితే సాలదేటి?"

"అయితే పొయ్యి కాడ నువ్వు కూకో మావయ్యా."

ఆయన కూర్చోలేదు. నేనూ పొయ్యి వెలిగించలేదు. మిగతా ఆడవాళ్లు కూడా చేతులు కట్టుకుని నా పక్కన నిలబడ్డారు. చివరికి ఆటో మళ్లీ ఉతై వెళ్లి అసలు తుమ్మ తెచ్చింది.

నైవేద్యం ఆలస్యమైతే అమ్మవారికి కోపం వస్తుందన్నారు పెద్దలు. ఆవిడా ఆడదే, పొగ సంగతి ఆవిడకి తెలియదా? నాది తప్పనుకునేవాళ్లు కింద రాయండి. కాకపోతే ముందు ఒక పూట గుల్మొహర్ పొయ్యి ఊది, కళ్లు తుడుచుకుని రాయండి.