ఇంజనుకి గాలి సోకడం

మద్రాసులో విమానాల వర్క్‌షాపులో నాకు ఉద్యోగం వచ్చింది. ఆ కబురు చెప్పడానికి ఏలూరు స్టేషనులో దిగి, పడవెక్కి, కొల్లేటిలో మా లంకకి బయల్దేరాను. మా వంశంలో బడి గడప తొక్కింది నేనొక్కణ్ణే. ఆ ఏడే బి.ఎ. ఫిజిక్సు పాసయ్యాను. ఆగలేక పడవ నడిపే అతనికి కూడా చెప్పేశాను. అతను గెడ వేస్తూనే "మంచిదండీ" అన్నాడు.

అన్నయ్య పోయి అప్పటికి పది నెలలు. వలకి వెళ్ళి జ్వరంతో తిరిగొచ్చాడు. నాలుగో నాటికి పోయాడు. గాలి సోకిందన్నారు ఊళ్ళో. సాంబ్రాణి పొగ వేసిన భూతవైద్యుడు, అది వదిలే గాలి కాదని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో వండేవారు, తినేవారు, పడుకునేవారు, అంతే. నేను పరీక్షలు కూడా అలాగే రాశాను. ఈ ఉద్యోగం వచ్చాకే నాలో కాస్త కదలిక.

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న అయ్య అంతా విని, "ఇంతకీ ఏం పన్రా అది?" అన్నాడు.

"విమానం ఇంజనుకి రేకు తొడుగుంటుందయ్యా. దాని లోపల ఇంజనుకి గాలి ఎక్కడ సోకుతుందో, ఎక్కడ సోకదో చూడాలి."

లోపల అమ్మ చేపలు తోముతున్న చప్పుడు ఆగింది. నేను పట్టించుకోలేదు.

"గూడెంలో బియ్యం మిల్లు ఇంజనుకి వేడెక్కకుండా నీళ్ళు పెడతారుగా. దానికీ పెడితే పోలా?"

"నీళ్ళు మోసుకుని ఎగరాలంటే బరువయ్యా. గాలితోనే చల్లార్చాలి."

"అయితే మా బియ్యేగారికి ఇసనకర్ర ఉద్యోగం ఇచ్చారన్నమాట."

పది నెలల్లో అయ్య ఆడిన మొదటి పరాచికం అది. ఎవరం నవ్వలేదు.

ఏలూరులో చేయించిన రేకుపెట్టె సంచిలోంచి తీశాను. ముందూ వెనకా తెరిచి ఉంటుంది, పైన అద్దం. లోపల ఇంజనుకి బదులు రెండు ఇత్తడి గ్లాసులు ఒకదాని వెనక ఒకటి పెట్టి, మరిగిన నీళ్ళు పోసి, అయ్యని ముందునుంచి విసనకర్రతో విసరమన్నాను. గాలి కంటికి కనపడాలంటే పొగ కావాలి. పొయ్యిలో నిప్పు తెచ్చి పెట్టె ముందుంచి, దేవుడి గూట్లో ఉన్న సాంబ్రాణి దాని మీద చల్లాను.

ఆ వాసనకి అమ్మ బయటికి వచ్చింది.

"చూడమ్మా, వెనక గ్లాసు వీపు దగ్గర పొగ అక్కడక్కడే తిరుగుతోంది. అక్కడ కొత్త గాలి సోకట్లేదు. వేడంతా నిలిచిపోయి ఇంజను చచ్చిపోతుంది."

అమ్మ పెట్టెని చూడలేదు. సాంబ్రాణినే చూసింది. "ఈ పనొద్దు నాయనా. గాలికి ఒకణ్ణిచ్చాను" అంది.

నేను ఏ ఇంట్లో, ఏ పొగ వేసి, ఏ మాట అన్నానో అప్పుడు తెలిసింది. సిగ్గు పడాలి. పడలేదు, ఏమీ అనిపించలేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. రేకుముక్క వంచి, వెనక గ్లాసు చుట్టూ సందు ఉంచి, తడిమట్టితో నిలబెట్టాను. రెండింట్లోనూ మళ్ళీ మరిగిన నీళ్ళు పోశాను. అయ్య విసిరాడు. ఈసారి పొగ గ్లాసు వీపుని రాసుకుంటూ బయటికి జారిపోయింది. కాసేపాగి అద్దం తీసి, ముట్టుకోమన్నాను.

అమ్మ రెండు గ్లాసుల మీదా చెయ్యి వేసింది. "రెండూ ఒక్కలాగే చల్లారాయి" అంది.

"ఇదేనమ్మా నా పని."

"ఆ విమానం ఎక్కాలా నువ్వు?"

"ఎక్కక్కర్లేదు. నేల మీదే."

"మరెక్కేవాడో?"

"దార్లో వాడి ఇంజను ఆగిపోకూడదనే ఇదంతా."

అమ్మ గ్లాసుల మీంచి చెయ్యి తీసింది. తర్వాత "సరే, వెళ్ళు" అని, చేపల దగ్గరికి వెళ్ళిపోయింది. నిజానికి ఆ మాట కోసమే వచ్చాను. అది దక్కాక ఏం చేసుకోవాలో తెలీక అక్కడే కూర్చున్నాను. అయ్య ఇంకా విసురుతూనే ఉన్నాడు. చాలని చెప్పడం నాకు తోచలేదు.