వాసన పోయిందా అమ్మాయ్?

ఎదురు ఫ్లాటులో కొత్తగా దిగిన అమ్మాయి నిన్న పొద్దున్నే చంకలో నెలల పిల్లతో మా గుమ్మంలో నిలబడింది. డబ్బాలోంచి కొట్టే స్ప్రేలు పిల్లకి పడడం లేదట, తుమ్ములే తుమ్ములట. "ఆంటీ, కెమికల్స్ లేకుండా ఇంట్లో వాసన పోయే మార్గం ఏదైనా చెబుతారాండీ? ఫోన్లో చూస్తే ఒక్కోరు ఒక్కోటి చెబుతున్నారు" అంది. వానలు పడ్డాయంటే మా ఏలూరు అపార్టుమెంట్లలో మూసిన గదులన్నీ చెమ్మ వాసన కొడతాయి. ఈ ఒక్క విషయంలో నన్ను అడగడం నాకు మహా సంతోషం. కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాను. కానీ నాకు తెలిసిందంతా మా అత్తగారిది.

ఆవిడ ఇల్లు ఆకివీడు దగ్గర పల్లెలో. నేను కాపురానికి వెళ్ళేనాటికే చుట్టూ ఉన్న వరిచేలు చేపల చెరువులైపోయాయి. ఇంటికి మూడు పక్కలా నీళ్ళు, నాలుగో పక్క వసారాలో చేపలకి వేసే తవుడు బస్తాలు. ఎండాకాలం చేపలు పట్టేసి నీళ్ళు తోడేస్తే నల్లటి బురద తేలేది. పడమటి గాలి ఆ బురద వాసననీ, ముక్కిపోయిన తవుడు వాసననీ కలిపి తిన్నగా మా పడగ్గదిలోకి తెచ్చి దింపేది. నేనేమో తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టు వెనకింట్లో పెరిగినదాన్ని. మా పుట్టింట్లో పరుపులు కూడా ఉల్లివాసన వేసేవి. అలాంటిదాన్ని పెద్ద గంధపు చెట్టు కింద పుట్టినట్టు, మొదటి వారమంతా ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని తిరిగాను.

మా అత్తగారికి మాత్రం ఏ వాసనా తెలియదు. ఎప్పుడో పెద్ద జ్వరం వచ్చి తగ్గాక ముక్కు పనిచేయడం మానేసిందట. పోపు మాడినా తెలియదు, మల్లెపూలు పెట్టుకున్నా తెలియదు. తెలియదు కాబట్టే ఆవిడకి భయం ఎక్కువ. వచ్చినవాళ్ళు తన ఇంట్లో ఏం పీలుస్తున్నారో అని ఒకటే బెంగ. పడమటి కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి పూటకోసారి తడిపేది. వంట అయ్యాక ఆరుతున్న పొయ్యి మీద వెడల్పు గిన్నెలో నీళ్ళు పెట్టి నిమ్మతొక్కలూ రెండు లవంగాలూ వేసేది. చెమ్మ గదిలో మూలకి బుట్టెడు బొగ్గులు పెట్టేది. కిటికీ గట్టు మీద మరువం కుండీ. సాయంత్రం కొబ్బరిచిప్ప ముక్క రాజేసి, మట్టి మూకుట్లో ఆ నిప్పుల మీద ఎండు వేపాకూ సాంబ్రాణీ వేసి గదిగదికీ తిప్పేది. అంతా అయ్యాక నడుం మీద చెయ్యి వేసుకుని నా వంక చూసి అడిగేది:

"వాసన పోయిందా అమ్మాయ్?"

కొత్తలో నిజం చెప్పేదాన్ని. "ఇంకా కాస్త ఉందండీ" అంటే మూకుడు మళ్ళీ మొదటి గది నుంచి బయల్దేరేది. ఆ పొగకి మా మావగారు తుండు భుజాన వేసుకుని, "కాస్త మంచి గాలి పీల్చుకొస్తానే" అంటూ చెరువు గట్టుకే పోయేవారు. రెండు నెలలకి నాకూ తెలివి వచ్చింది. అడగడమే ఆలస్యం, "పోయిందండీ" అనేదాన్ని. ఆవిడ ముఖం విప్పారేది. ఆ ఇంట్లో నా ముక్కు మాటే ఆఖరి మాట. కొత్తకోడలికి అంత అధికారం ఇంకెక్కడా దొరకదు.

మావగారు పోయాక అత్తగారు మాతోపాటు ఏలూరు వచ్చేసింది. మూడో అంతస్తు ఫ్లాటుకి మూకుడూ, వట్టివేళ్ళూ, బొగ్గుల బుట్టా కూడా వచ్చాయి. నాకప్పటికి ప్లగ్గుకి పెడితే లావెండర్ వాసన వదిలే సీసా మీద మోజు. ఒకరోజు మా ఆయన ఆఫీసువాళ్ళు టీకి వస్తున్నారు. నేను బజ్జీల హడావిడిలో ఉండగా ఆవిడ గ్యాస్ మీద కొబ్బరిచిప్ప రాజేసింది. హాలంతా పొగ. మెట్ల మీదికీ పోయింది. పై వాళ్ళు కంగారుగా తలుపు కొట్టారు. కిటికీలు తీసి, తువ్వాలు ఊపి, నేను చెమటలు కక్కుతుంటే ఆవిడ మామూలుగా అడిగింది, "వాసన పోయిందా అమ్మాయ్?" అని.

"మీకెలాగూ తెలియదు కదండీ. పోతే ఏంటి, ఉంటే ఏంటి మీకు?" అనేశాను.

"నిజమేలేమ్మా" అంది ఆవిడ. మూకుడు కడిగి, తుడిచి, మంచం కింద పెట్టేసింది.

ఆ తర్వాత బతికున్న నాలుగేళ్ళలో నన్ను మళ్ళీ ఆ మాట అడగలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు హాయిగానే ఉండేది. ఎవరైనా వస్తే ఆవిడ కుర్చీ తీసుకుని బాల్కనీలోకి పోయేది. గాలి కోసం అనుకున్నాను. రెండు పూటలా స్నానం చేసేది. ఉక్కకి కాబోలు అనుకున్నాను. భోజనాల దగ్గర బల్ల చివర్న కూర్చునేది. అదీ ఏదో అనుకునే ఉంటాను.

ఆవిడ పోయిన నెలకి నేనూ మా అమ్మాయీ ఆవిడ రేకుపెట్టె తెరిచాం. ప్రతి చీర మడతలోనూ దారంతో కట్టిన వట్టివేళ్ళ కట్ట. రోజూ కట్టుకునే నేత చీరల కొంగు అంచున కూడా చిన్న ముడి, లోపల ఎండిన నిమ్మతొక్క. ఇదేం చాదస్తం అని నవ్వబోయాను. మా అమ్మాయి నవ్వలేదు.

"నాయనమ్మ నన్ను రోజూ అడిగేదమ్మా, నా దగ్గర చెరువు వాసన వస్తోందా అని. అమ్మకి చెప్పకు, విసుక్కుంటుంది అంది."

అప్పటికి అర్థమైంది. అన్నేళ్ళూ ఆవిడ అడిగింది ఇంటి సంగతి ఒక్కటే కాదు. తన ఒంటి సంగతి తనకి తెలిసే దారి లేక, నన్ను నమ్మి అడిగింది. ఆవిడ దగ్గర ఏ వాసనా ఉండేది కాదు. చెప్పాలంటే మరువం వాసన ఉండేది, చల్లగా. ఆ మాట నేను ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఎదురింటి అమ్మాయికి వట్టివేళ్ళు, బొగ్గులు, నిమ్మతొక్కలు అన్నీ చెప్పాను, ఫోన్లో రాసుకుంది. చంటిపిల్ల ఉంది కాబట్టి పొగ మాత్రం వద్దన్నాను. సాయంత్రం మళ్ళీ తలుపు కొట్టింది. "నాకు అలవాటైపోయి ఏం తెలియడం లేదండీ. ఒక్కసారి వచ్చి చూస్తారా, వాసన పోయిందా?"

పొయ్యి మీద కూర ఉంది. కట్టేసి వెళ్ళాను. గదిగదికీ తిరిగాను. ప్రతి గదిలో ఆగి, నిండుగా ఊపిరి పీల్చి, "పోయిందమ్మా, చాలా బావుంది" అన్నాను. ఆ పిల్ల ముఖం విప్పారింది. మొత్తం కలిపి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలే ఆనాడు నా దగ్గర లేవనుకున్నాను.