మైదుకూరు నుంచి కడపకు మూడున్నర గంటలు

మధ్యాహ్నం రెండు గంటలకు మైదుకూరులో దిగాం. ఉగాది వెళ్లి పది రోజులైంది. పదకొండు మందిమి, మూడు లారీలు, నాలుగు టెంట్లు, ఒక ఫీల్డు టెలిఫోను. కర్నూలు–కడప రోడ్డు పక్కన తుమ్మచెట్లు తప్ప మరేమీ లేని బీడు చూపించి "ఇదే" అన్నారు. దారిన పోయే మిలిటరీ బండ్లకు పెట్రోలు పోయాలి, చెడితే బాగు చేయాలి. మాకిచ్చిన హుకుం అంతే.

మా వీధిలో ఒకాయన యుద్ధంలో బర్మా దాకా పోయివచ్చాడు. ఆయన అరుగు మీద కూర్చుంటే జనం మూగుతారు. నన్ను అడిగి, "మైదుకూరా?" అని నవ్వుతారు. నవ్వండి. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. పట్టాళంలో చేరి ప్రపంచం చూస్తానని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి తీసుకొచ్చి ఇంటికి ఒక్కరోజు ప్రయాణం దూరంలో పడేశారు. పేలిన తుపాకీ చప్పుడు నేను వినలేదు. కానీ భయమంటే ఏమిటో ఆ రోడ్డు మీదే తెలిసింది.

నేను ఫిట్టర్ని. లాన్స్ నాయక్‌ని కూడా. చొక్కా చేతి మీద ఆ హోదా చెప్పే పట్టీ ఒకటి ఉండేది. ఇంటికి రాసిన ప్రతి ఉత్తరంలోనూ దాని సంగతి రాసేవాణ్ణి. మా నాయన ఆ ఉత్తరాలను చర్చిలో ప్రార్థన అయ్యాక అందరికీ చదివి వినిపించేవాడట.

మా హవల్దారు కర్నూలు సాయిబు. మాట తక్కువ, కళ్లు ఎక్కువ. రెండో లారీ డ్రైవరుది ప్రొద్దుటూరు. వంటమనిషిది ఒంటిమిట్ట పక్క, నలభై దాటినవాడు. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. ఎవరు ఏ పూట సరిగ్గా తినలేదో ఆయనకు గుర్తుండేది. నాకు జ్వరం వచ్చిన వారం రోజులూ పట్టాళం రేషనులో లేని మిరియాల చారు యాడ నుంచి తెచ్చాడో తెచ్చి పోశాడు. ఇప్పటికీ అడగలేదు.

రెండో లారీకి కార్బొరేటరు కారుతుండేది. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించేది అదే. నెలన్నర రాసి రాసి అడిగితే గడ్డి పరిచిన చెక్కపెట్టెలో కొత్తది వచ్చింది. ఒక బుధవారం సాయంత్రం నేనే బిగించాను. దువ్వూరు దిక్కు రెండు మైళ్లు పోయి తిరిగొచ్చాం. ఇంజను వెన్నలా నడిచింది. నా అంత పనిమంతుడు జిల్లాలో లేడనుకున్నాను.

దిగేసరికి వంటమనిషి పసుపుగిన్నెతో నిలబడి ఉన్నాడు.

"కొత్త ఇనుము వచ్చినాక పసుపు పెట్టకుండా రోడ్డెక్కిస్తారేమప్పా? ఎవురన్నా చేస్తారా ఆ పని?"

డ్రైవరు, ఫిట్టరు తప్ప బండిని ఇంకెవరూ ముట్టరాదని గట్టి ఆర్డరు. హవల్దారు మిగతా రెండు లారీలతో నంద్యాల పోయి ఉన్నాడు. పసుపు కుంకుమలు మా ఇంట్లో లేనివి. అయినా వద్దనబుద్ధి కాలేదు. గిన్నె పట్టుకుని ఆయన వెంట తిరిగింది నేనే. బానెట్టుకు పెట్టాడు. దీపాలకు, చక్రాలకు పెట్టాడు. చివరికి పెట్రోలు ట్యాంకు దగ్గర ఆగాడు.

"బండికి కడుపు ఇదే గదా. దీనికీ పెడదాం. గంజిలో కలిపినా అల్లుడా, వానొచ్చినా రాలదు."

మర్నాడు తొమ్మిదిన్నరకు పొయ్యి దగ్గరే కూలబడ్డాడు. తెల్లవారుజాము నుంచి నొప్పి ఉన్నా ఎవరికీ చెప్పకుండా క్యాంపులో ఉన్నవాళ్లందరికీ రొట్టెలు కాల్చాడు. నేను టెలిఫోను తిప్పాను. కడప నుంచి డాక్టరు మాట్లాడాడు.

"కుడిపక్క కింద నొక్కితే అరుస్తున్నాడా?"

"అరుస్తాండాడు సార్."

"పన్నెండులోగా తీసుకురండి. లోపల పేగు పగిలిందంటే నా చేతిలో ఏమీ ఉండదు."

పది ఇరవైకి బయలుదేరాం. పాతిక మైళ్లు. వెనక గోనెసంచుల మీద ఆయన, పక్కన నేను. టార్పాలిన్ కింద కొలిమిలా ఉంది. ప్రతి గుంతకూ ఆయన పళ్లు కొరుక్కునేవాడు.

ఆరు మైళ్లు బాగానే పోయాం. తర్వాత ఇంజను దగ్గింది, బలం తగ్గింది, ఆగిపోయింది. హ్యాండిలు ఎంత తిప్పినా పలకలేదు. దిగి కార్బొరేటరు విప్పాను. పెట్రోలు నిలవాల్సిన చిన్న గిన్నె ఎండిపోయి ఉంది. సూదిబెజ్జం ఉన్న ఇత్తడి ముక్క తీసి ఊదాను. శుభ్రంగానే ఉంది. మళ్లీ బిగించాను. ట్యాంకు మూత తీసి పుల్ల ముంచి చూశాను. ముక్కాలు భాగం పెట్రోలుంది. మూత వేశాను. హ్యాండిలు తిప్పితే ఇంజను పలికింది. నలభై నిమిషాలు పోయాయి.

"ఏమాయ అల్లుడా?"

"చెత్త పడింది మామా. ఊదేసినా."

ఖాజీపేట దాటాక మళ్లీ అదే దగ్గు. ఈసారి ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు ఎండకు వేడెక్కి, అందులోనే ఆవిరైపోతోందనుకున్నాను. నా తలగుడ్డ తడిపి పంపుకు చుట్టాను. కార్బొరేటరు మళ్లీ విప్పాను, అందులో తేలే బిళ్ల సర్దాను. పుల్ల ముంచి పెట్రోలు చూశాను. ఇంజను పలికింది. తడిగుడ్డ పనిచేసిందని సంబరపడ్డాను. అప్పటికే పన్నెండు దాటింది.

చెన్నూరుకు మైలు ముందు మూడోసారి ఆగింది. ఎదురుగా పెన్న కనబడుతోంది, ఒట్టి ఇసుక. టార్పాలిన్ కింద ఆయన అరవడం మానేశాడు. అరుస్తున్నప్పుడు భరించాను గానీ, ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను. పానా రెండుసార్లు జారిపడింది. నేను బిగించినది నా మామను చంపుతోంది. ఆ ఒక్క మాటే తలలో తిరుగుతోంది.

డ్రైవరు వచ్చి నా చేతిలోంచి పానా లాక్కున్నాడు.

"ఎన్నిసార్లు విప్పుతావప్పా దాన్ని? రెండుసార్లు చూసినావు, బాగుండాది. నీ పని మీద నీకే నమ్మకం లేదా?"

ఆ మాటకు నిలబడిపోయాను. నేను ముట్టింది కార్బొరేటరు గనక తప్పు అందులోనే ఉంటుందని పట్టుకుని వేలాడుతున్నాను. మొదటిసారి ఊదాను. రెండోసారి తడిగుడ్డ చుట్టాను. రెండుసార్లూ ఇంజను పలికే ముందు చేసిన పని ఇంకొకటి ఉంది. ట్యాంకు మూత తీశాను.

ఈసారి ఇంకేదీ ముట్టలేదు. మూత ఒక్కటే మెల్లగా తిప్పాను. గాలి బుస్సుమని లోపలికి దూరింది.

ఆ మూతకు ఒక సన్నని బెజ్జం ఉంటుంది. పెట్రోలు ఖర్చయిన కొద్దీ ట్యాంకులోకి గాలి పోయేది అందులోంచే. అది మూసుకుంటే లోపలి పెట్రోలు కదలదు, పంపు ఎంత లాగినా రాదు. మూత తిప్పి వెలుతురులో చూశాను. బెజ్జం మీద పసుపు. గంజితో బిగిసి సున్నంలా గట్టిపడింది. సరిగ్గా నడిమధ్యన బొటనవేలి ముద్ర, ఒక్కో గీతా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది.

డ్రైవరు చూశాడు. నేను చూశాను. రోడ్డు పక్క తుమ్మచెట్టు నుంచి ముల్లు విరిచి, ఆ ముద్ర నడుమ పొడిచి బెజ్జం తెరిచాను. ఇంజను ఒక్క తిప్పుకే పలికింది. ఆ తర్వాత కడప దాకా ఎక్కడా ఆగలేదు. ఒకటీ యాభైకి ఆసుపత్రి ముందు దించాం.

సాయంత్రం ఆరుకు డాక్టరు బయటికొచ్చాడు. "పగలబోతుండగా తీశాను. ఇంకో అరగంటైతే లేడు" అన్నాడు. నేను లారీ వెనక్కి పోయి ఏడ్చాను. డ్రైవరు అటు తిరిగి బీడీ కాల్చుకున్నాడు.

మరుసటి రోజు నంద్యాల నుంచి తిరిగొచ్చిన హవల్దారు కాగితం నా ముందు పెట్టాడు.

"పాతిక మైళ్లకు మూడున్నర గంటలా? కారణం రాసి సంతకం పెట్టు."

నిజం రాస్తే వంటమనిషి కొలువు పోతుంది. బండిని ముట్టాడన్న నేరం ఆసుపత్రి మంచం మీదికే పోతుంది. "కార్బొరేటరు బిగించడంలో నా పొరపాటు" అని రాశాను. గిన్నె పట్టుకున్నవాణ్ణి, పూర్తిగా అబద్ధమూ కాదు. హవల్దారు చదివి, తలెత్తి లారీ దిక్కు చూశాడు. బానెట్టు మీద, చక్రాల మీద పసుపు ఎండలో మెరుస్తోంది.

"బండికి పసుపు ఎవురు పెట్టినారని నేను అడగడం లేదు," అన్నాడు. "ఇదే పంపమంటావా?"

"ఇదే పంపండి హవల్దార్ సాబ్."

నెల తిరగకముందే నా చేతి పట్టీ పోయింది. ఇంటికి ఉత్తరాలు రాయడం తగ్గించాను.

ఆరు వారాలకు వంటమనిషి తిరిగొచ్చాడు, చిక్కి సగమై. టెంటులోకి కూడా పోకుండా నేరుగా లారీ దగ్గరికి నడిచాడు. చేతిలో పసుపుగిన్నె.

"మూడుసార్లు ఆగిపోయిందంట గదా. డ్రైవరు చెప్పినాడు. ఆ పొద్దు పసుపు పెట్టినాం గాబట్టి బతికి చేరినా అల్లుడా. లేకుంటే నీ కొత్త ఇనుము నన్ను దావలోనే వదిలేసుండేది."

"అవును మామా," అన్నాను.

ఆయన వేలు పెట్రోలు మూత మీదికి పోయింది. చేయి పట్టుకున్నాను. ఎముకలే తగిలాయి. మెల్లగా పక్కకు జరిపి, "ఈడ పెట్టు మామా, దీపం మీద. అందరికీ కనపడతాది," అన్నాను. నవ్వి అక్కడ పెట్టాడు. నా చొక్కా చేతి మీద పట్టీ ఉన్నచోట బట్ట వెలిసిపోక కొత్తగా కనబడుతోంది. అది చూశాడో లేదో తెలియదు. ఆ రోజు నుంచి నా రొట్టెకు మాత్రం నెయ్యి రాసేవాడు.

యుద్ధం అయ్యాక ఎవరి ఊరికి వాళ్లం పోయాం. మా నాయన నా చొక్కా చేతి వంక చూసి, నీళ్లచెంబు చేతికిచ్చాడు. తర్వాత ఇరవై ఏళ్లు బస్సులు బాగు చేసి బతికాను. ఇప్పటికీ ఏ బండి పెట్రోలు మూత చేతిలోకి తీసుకున్నా, వెలుతురుకు పెట్టి చూస్తాను. పచ్చటి బొటనవేలి ముద్ర, దాని నడుమ నేను తుమ్మముల్లుతో పొడిచిన బెజ్జం నాకు కనబడతాయి.