అరుగుకు బిగించిన ఏసీ

ఆ రోజుల్లో, తెలుగు నేల సరిహద్దు దాటగానే వచ్చే భోపాల్‌పట్నంలోని మా వీధిలో తలుపులకు రాత్రి ఉద్యోగమే తప్ప పగటి ఉద్యోగం ఉండేది కాదు. తెల్లవారి తెరిచిన తలుపు మళ్లీ పడుకోబోయే ముందు మూయడమే. మధ్యలో కోడి వచ్చేది, కుక్క వచ్చేది, డాకియా వచ్చి తిన్నగా వంటింట్లోకి నడిచి కుండలో నీళ్లు ముంచుకుని తాగి, ఆ తరువాత తీరిగ్గా ఉత్తరం సంగతి చెప్పేవాడు. పట్టపగలు ఒక ఇంటి తలుపు మూసి ఉందంటే మా వీధికి తెలిసిన అర్థం ఒక్కటే: లోపల ఎవరో పోయారు, ఇంటివాళ్లు ఇంకా బయటికి వచ్చి చెప్పుకునే స్థితిలో లేరు. (ఊరికి వెళ్లేవాళ్లు ఈ అపార్థం కలగకుండా గొళ్లానికి ఒక రంగు గుడ్డ కట్టి మరీ వెళ్లేవారు.) ఈ ఒక్క సంగతి తప్ప మిగిలినవన్నీ లెక్కలోకి తీసుకుని, ఇరవై మూడేళ్ల వయసులో నేను మా ఇంటికి ఏసీ పెట్టించాను.

ఏసీ ఎవరి కోసమో ముందు చెప్పాలి. మా నాన్నగారి తల్లిని మేము బాపమ్మ అనేవాళ్లం. ఆమె నివాసం పేరుకు మా ఇల్లే గాని, నిజానికి ఆ ఇంటి ముందున్న అరుగు. పొద్దున వక్కాకు సంచితో అక్కడ కూర్చుంటే, వీధిన పోయే ప్రతి మనిషినీ ఆపి, వాళ్లింటి పెద్దల నుంచి దూడల వరకు పేరుపేరునా క్షేమం అడిగేది. తెలుగువాళ్లతో తెలుగులో, అడవి పల్లెల దోర్లవాళ్లతో దోర్లీలో, పటేలు ఇంటికి వచ్చిన అధికార్లతో తాను సొంతంగా తయారుచేసుకున్న హిందీలో. అంతకు ముందు వేసవిలో ఆ అరుగు మీదే వడదెబ్బ తగిలి పడిపోయింది. తెలివి రావడానికి రెండు రోజులు పట్టింది. ఇంకో ఎండాకాలం ఇలాగే గడిస్తే మనిషి దక్కదని డాక్టరు నాన్నతో స్పష్టంగా చెప్పాడు. జగదల్‌పూర్‌లో మా బాబాయికి మూడో అంతస్తులో చల్లని ఇల్లుంది. అక్కడికి పంపేద్దామని నాన్న, నన్ను ఈ అరుగు మీది నుంచి నలుగురు మోసుకపోవాలె తప్ప నేను నడిచి పోనని బాపమ్మ. ఈ ఇద్దరి నడుమ మధ్యవర్తిగా నిలబడ్డవాణ్ని నేను.

అప్పటికి డిప్లొమా ముగించి, గీదం కాంట్రాక్టరు ఒకరి దగ్గర, మా ఊరి పనుల కొలతలు రాసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. కొలత లేని వస్తువు లోకంలో లేదన్నది అప్పటి నా సిద్ధాంతం. గదికొక చిన్న ఏసీ కొనడానికి డబ్బు చాలదు. కూలరు పెడితే ఉక్కపోత. జగదల్‌పూర్‌లో మూతపడిన ఒక చీరల దుకాణం తన యంత్రాన్ని చవకగా అమ్ముతోందని తెలిసి చూడటానికి వెళ్లాను. ఒకే యంత్రం, దాని నుంచి రేకు గొట్టాలు, ఆ గొట్టాల నుంచి దుకాణమంతా చల్లగాలి. ఖాళీ బీరువాల మధ్య ఆ గాలి కింద నిలబడి తల పైకెత్తాను. ఎక్కడా రెక్క కనబడదు, చప్పుడు లేదు, సీలింగులోని చదరపు జాలీ గుండా మాత్రం మాఘమాసపు తెల్లవారుజాము దిగి వస్తోంది. దుకాణదారు రెండుసార్లు పిలిస్తే గాని నేను ఈ లోకంలోకి రాలేదు.

ఇంటికి వచ్చి గోడలు, కిటికీలు, పెంకుల వేడి, మనుషుల ఒంటి వేడి కలిపి లెక్క కట్టి, "అయిదున్నర టన్నులు సరిపోతుంది" అని ప్రకటించాను.

బాపమ్మ వక్క నమలడం ఆపింది. "ఏందిరా, గాలిని టన్నులల్ల తూస్తరా?"

"చల్లదనాన్ని తూస్తారు బాపమ్మా."

"అయిదున్నర టన్నులు అటక మీద పెడ్తే ఇల్లు ఆగుతదా? లారీ నిండ వడ్లు గంతుంటయి."

అది బరువు కాదని నేను గంటసేపు వివరించాను. అంతా విని, "సరే గని, ఆ దూలం కింద మాత్రం నా మంచం ఎయ్యకుండ్రి" అంది.

బిగించడానికి వచ్చిన మేస్త్రి కిరండూల్ లైను రైల్వే కుటుంబంవాడు. తాత విజయనగరం వైపు నుంచి వచ్చాడట. వీధిలో అందరూ అతన్ని రైలు మేస్త్రి అనేవారు. అటక మీద యంత్రం, పెరట్లో దాని పెద్ద పెట్టె, పెంకుల కింద ప్లైవుడ్ సీలింగు, దానిపైన దూది తొడుగు వేసిన గొట్టాలు. పని జరిగినన్నాళ్లు బాపమ్మ అతని ఎదురుగా కూర్చుని అతని వంశవృక్షం మొత్తం విప్పించింది. "ఏంది" అని ఆమె, "ఏటి" అని అతను. ఆ రెండు మాటల మధ్య మా ఏసీ లేచింది.

మే నెల రెండవ శుక్రవారం, పగలు పన్నెండు దాటాక మీట నొక్కాం. "తలుపులు, కిటికీలు ముయ్యండి బావూ, నేకపోతే గాలంతా ఈదిలోకెళ్లిపోద్ది" అన్నాడు మేస్త్రి. అమ్మ వీధి తలుపు మూసింది. కాసేపటికి ఇల్లు చల్లబడసాగింది. ఆ క్షణాన్ని ఇప్పటికీ నేను మామూలు మాటల్లో చెప్పలేను. అమ్మ కొంగు తీసి భుజం చుట్టూ కప్పుకుంది. మే నెలలో మా అమ్మ చలికి కొంగు కప్పుకోవడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం. నాన్న జాలీ కింద నిలబడి, గుళ్లోలాగా చెప్పులు విడిచారు. బాపమ్మ మాత్రం అరచేయి పైకి చాచి, పడుతున్న వానను చూసినట్టు చూసి, "ఇది ఏ దేశపు గాలిరా" అని నెమ్మదిగా అడిగింది.

ఎంతసేపు అలా మైమరచి ఉన్నామో తెలియదు, బయట ఒక ఏడుపు వినబడింది. సన్నగా మొదలై, రాగం అందుకుని, రెండు మూడు గొంతులుగా పెరిగింది. బాపమ్మ ఉలిక్కిపడి, "అయ్యో, ఎవరింట్ల పోయిండ్రే?" అంటూ వెళ్లి తలుపు తీసింది.

అరుగు ముందు పాతికమంది ఉన్నారు. డాకియా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కుడిపక్క ఇంటివాళ్లు మర్యాదగా పొయ్యిలో నీళ్లు చల్లి, అన్నం సగం ఉడుకుతుండగా వదిలేసి వచ్చారు. అందరికీ ముందు, మాకు ఏటా చింతపండు తెచ్చే దోర్ల ముసలమ్మ (మేము చింతపండక్క అనేవాళ్లం) నేల మీద కూర్చుని, మా భాషలోనే, మాకు అర్థం కావాలని కాబోలు, శోకం తీస్తోంది: "ఓ నా అక్కా, తూకంల ఎన్నడు మోసం జెయ్యని అక్కా, అడిగిన కాడికి ఇచ్చిన అక్కా..."

తలుపులో బాపమ్మ కనబడేసరికి ఆ రాగం గాలిలో తెగిపోయింది.

"ఎవరు పోయిండ్రే?" అంది బాపమ్మ.

చింతపండక్క కొంగు సర్దుకుంది. "నువ్వే అనుకున్నం అక్కా. పోయిన ఎండల్ల పడ్డవు గద. తలుపు ఏసిండ్రాయె."

నేను క్షమాపణలు చెప్పబోయాను. బాపమ్మ చేయి అడ్డం పెట్టి, తన జాగాలో తాను కూర్చుని, వక్కాకు సంచి విప్పింది. "తూకంల మోసం జెయ్యలే అన్నవు సూడు, గది మల్ల ఒకసారి అను."

"పో అక్కా!"

"నేను బతికుండంగ బస్తా బస్తాకు కొట్లాడితివి, పోంగనే మంచిదాన్నయితినా? ఆగినకాడి నుంచి పాడే. మిగిలింది నేను ఎప్పుడింటనో ఏమో."

పాతికమందీ పగలబడి నవ్వారు. చింతపండక్క నిజంగానే కళ్లు తుడుచుకుంటూ మిగిలింది పాడింది. తన శోకాన్ని తాను వక్క నములుతూ, తలాడిస్తూ, ఒకటి రెండు చోట్ల సవరిస్తూ విన్న మనిషిని నేను మరొకరిని చూడలేదు. (కుడిపక్క ఇంటివాళ్లకు ఆ పూట భోజనం మా ఇంట్లోనే. చల్లార్చిన పొయ్యి ఖరీదు.)

నవ్వులు అయిపోయాక అసలు చిక్కు బయటపడింది. "తలుపు ఏసిన ఇంట్ల నేనుండ" అంది బాపమ్మ. తలుపు తీస్తే యంత్రం దండగ, వేస్తే ఆమె ఉండదు. నాలుగు రోజులు నాన్న బతిమాలారు. నేను కాగితం మీద లోపలి వేడి, బయటి వేడి గీసి చూపించాను. ఆమె ఎండలోనే, అరుగు మీదే. అయిదో రోజు కళ్లు తిరిగి స్తంభాన్ని పట్టుకుంది. ఆ సాయంత్రం నాన్న బాబాయికి ఫోన్ చేశారు. ఆదివారం జీపుతో వస్తానన్నాడు. బాపమ్మ వక్కాకు సంచి మూతి బిగించి, దీపాలు పెట్టకముందే పడుకుంది. వీధిలో మనుషులు తిరుగుతుండగా ఆమె పడుకోవడం అదే మొదటిసారి కనుక మా అందరికీ భయం వేసింది.

మరునాడు పొద్దున నన్ను పిలిచింది. "కొడుకా, ఈ చల్లదనం నాకోసమే తెచ్చినవా, గోడల కోసమా?"

"నీకోసమే."

"మరి నేనున్నకాడికి తేవాలె గద."

నేను నవ్వాను. వీధిని చల్లబరచడానికి ఎన్ని టన్నులు కావాలో చెప్పబోయాను. అయితే నోరు తెరిచాక చెప్పాల్సిన అంకె కాక, ఆ ముఖం కనబడింది. నోరు మూసుకుని రైలు మేస్త్రిని పిలిపించాను.

"అరుగుకి ఏసీ ఏటి బావూ!" అని అతను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఇద్దరం కూర్చుని గొణుక్కున్నాం, గీసుకున్నాం, చెరిపాం. చివరికి పగటిపూట గదుల జాలీలు మూసి, మిగిలిన గొట్టాన్ని గుమ్మం పైని వెంటిలేటరు గుండా బయటికి తీసి, సరిగ్గా బాపమ్మ జాగా మీదికి వంచాం. అరుగుకు మూడు వైపులా వట్టివేళ్ల తడికలు కట్టాం. మెట్ల దగ్గర మాత్రం మనిషి పట్టేంత దారి. బరువైన చల్లగాలి ఆమె మీద దిగి, అరుగంతా పాకి, గుమ్మం గుండా తిరిగి యంత్రంలోకి రావాలని ఏర్పాటు. అంటే వీధి తలుపు తెరిచి ఉంటేనే అది పనిచేస్తుంది! ఇల్లు చల్లబడాలంటే తలుపు మూయాలన్న ఏకైక శాస్త్రీయ నియమాన్ని నేనే స్వహస్తాలతో తలకిందులు చేశాను.

ఆదివారం బాబాయి వచ్చాడు. జీపు దిగి, చెమటలు కక్కుతూ, "అమ్మా, సామాన్లు సర్దినవా?" అంటూ మెట్లెక్కి, తడిక దాటి అడుగు పెట్టాడు. తల పైకెత్తి గొట్టాన్ని చూశాడు. డాకియా జరిగి చోటిచ్చాడు. చింతపండక్క మజ్జిగ ముంత అందించింది. "కూసో బిడ్డా, ఎండల్ల పడి వస్తివి" అంది బాపమ్మ. కూర్చున్నాడు. తరువాత గోడకు ఆనుకున్నాడు. తరువాత గుర్రు పెట్టాడు. పొద్దు వాలాక లేచి, ఎవరి ముఖమూ చూడకుండా జీపు ఎక్కి, ఒక్కడే వెళ్లిపోయాడు.

మండు మధ్యాహ్నాలు దారిన పోయేవాళ్లు ఆ తడిక దాటగానే తల పైకెత్తి నిలిచిపోవడం ఆ వేసవంతా చూశాను. మీటరు అనుమానంతో తనిఖీకి వచ్చిన కరెంటు ఉద్యోగి రెండు ముంతల మజ్జిగ తాగి, తనిఖీ సంగతి మరిచి వెళ్లాడు. బాపమ్మ ఆ ఎండాకాలం దాటింది. ఆపైన మరో ఆరు దాటింది. చివరికి ఒక శ్రావణంలో, వాన చల్లదనంలో, ఏసీ అవసరం లేని రోజున వెళ్లింది. చింతపండక్క అదే శోకం మళ్లీ పాడింది. సవరించవలసిన చోట్ల సవరించేవాళ్లు లేక తడబడింది.

ఇప్పుడు నేను రాయపూర్‌లో నాలుగో అంతస్తులో ఉంటున్నాను. ఏసీ కొత్తది, లెక్క పక్కా. అయినా కిందటి ఆదివారం మధ్యాహ్నం ఏమనిపించిందో, వీధి తలుపు బార్లా తీసి, గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "ఏమండీ, చల్లదనమంతా పోతోంది, తలుపు!" అని లోపలి నుంచి మా ఆవిడ. ఇంతలో ఎదురు ఫ్లాటు తలుపు జానెడు తెరుచుకుంది. మూడేళ్లుగా పేరు తెలియని ఆ పెద్దమనిషి తల బయటికి పెట్టి, మా తెరిచిన తలుపును, నన్ను మార్చి మార్చి చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "క్యా హువా భాయిసాబ్? ఘర్ మే సబ్ ఠీక్ హై న?"

అందరమూ బాగున్నామని చెప్పి, ఆయన కోసం ఇంకొక కుర్చీ తెచ్చి వేశాను.