పాకం పట్టి చూసిన ఇంజన్ ఆయిల్

మా అబ్బాయి రాజేందర్ ముగ్గురు పిల్లల తండ్రి. అయినా పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొని, ఆదివారాలు స్నేహితులతో పందేలకు పోతాడు. కిందటి పందెంలో ఇంజన్ వేడెక్కి ఆగిపోతే, ఆ కారు డిచ్‌పల్లి నుంచి చెరుకు ట్రాక్టరు వెనక తాడు కట్టుకుని ఇల్లు చేరింది. ఇంకోసారి అలా వస్తే అమ్మేయాల్సిందేనని కోడలు తేల్చి చెప్పింది.

ఈ రోజు వాడూ, వాడి స్నేహితుడు ఖలీలూ రెండు రకాల ఆయిల్ డబ్బాలు ముందు పెట్టుకుని వాదులాడుకున్నారు. పల్చటిది పోస్తేనే వేగమని మావాడు, చిక్కటిదే పోయాలని ఖలీల్. చివరికి మావాడు చిక్కటి ఆయిల్ చుక్కను రెండు వేళ్ల మధ్య సాగదీసి నాకు చూపించాడు.

“చూడమ్మా, తీగపాకం లెక్క సాగుతది. గిది పోస్తే బండి ఉరుకుతదా?”

“చల్లారిన పాకం చూసి చిక్కగుందంటవేందిరా? పొయ్యి మీద ఎట్లుంటదో చూడాలె. అరిగిన ఇంజన్, గీ ఎండలు. నీ పల్చటిది లోపల నీళ్లయితది.”

“గట్ల చెప్పు అమ్మా! పొద్దటి సంది నేను గదే మొత్తుకుంటున్న,” అన్నాడు ఖలీల్.

ఇంజనీరింగ్ చదివిన మావాడు ముఖం ముడుచుకుని చిక్కటిదే పోశాడు. సాయంత్రం డిక్కీ తెరిస్తే లోపల కొత్త తాడు కనిపించింది.

“గిదెందుకురా?”

“నీ పాకం ముదిరితే పనికొస్తది, అమ్మా.”

ఆదివారం కారు నా ఆయిల్‌తో వస్తుందో, వాడి తాడుతో వస్తుందో మీరే చెప్పండి. కోడలు మాత్రం తాడు వైపే ఉంది.